సైమి కన్ను కొట్టింది

ఫిన్లాండు నుంచి వచ్చిన పిల్ల మా ఇంట్లో దిగిన మొదటి నెలలో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పేరు సైమి, వయసు ఇరవై ఒకటి. అడవుల పెంపకం చదవడానికి ఒక ఏడాది మా ఊరు పలెన్సియా వచ్చింది. ఉన్న అడవులన్నీ వాళ్ళ దేశంలో పెట్టుకుని, గోధుమ చేలు తప్ప ఏమీ కనిపించని మా మైదానానికి ఎందుకొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. చెప్పులు గుమ్మం బయటే విడిచేది. సాయంత్రం ఆరయ్యేసరికి వంటింటి దగ్గర నిలబడి గడియారం వంక చూసేది. మేం పదింటికి గానీ తినం. కడుపు నకనకలాడుతున్నా నోరు విప్పి అడగదే. నాకు తలప్రాణం తోకకొచ్చింది. నేను కారు నడపడం నేర్పే మనిషిని, రోజంతా అరవడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక ఎవరో ఒకరు తిరిగి నా మీద అరవకపోతే నాకు తిండి సహించదు.

ఆ పిల్లను ఇంట్లో పెట్టుకున్నది అమ్మ కోసం. మా అమ్మ ఎవుతీకియాకు డెబ్బై ఆరేళ్ళు. నాన్న పోయి మూడేళ్ళు. నలభై ఏళ్ళు ఇద్దరూ జోడీగా ముస్ అనే పేకాట ఆడారు. ఆయన పోయిన మర్నాడు అమ్మ పేక దస్తాను బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది. అప్పట్నుంచి కిటికీ దగ్గర కూర్చుని, నేను ఇంటికి రాగానే ఆ రోజు వీధిలో ఎన్ని బస్సులు పోయాయో చెప్పేది. ఆ లెక్క వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా మేనమామ రెగులో భోజనానికి వచ్చాడు. వరసగా రెండేళ్ళు వాళ్ళ ఊళ్ళో ముస్ పందెం గెలిచాడేమో, ఆ కబుర్లు చెబుతూ చేతులు ఊపాడు. ఊపిన చెయ్యి తగిలి, పొగలు కక్కే వెల్లుల్లి సూపు గిన్నె సైమి ఒళ్ళో పడింది. నేను కెవ్వుమన్నాను. సైమి మొహంలో మాత్రం ఒక్క గీత కదల్లేదు.

"కొంచెం వేడిగా ఉంది," అంది, రుమాలు తీసుకుంటూ.

అమ్మ చెంచా కింద పెట్టి ఆ పిల్ల వంక చాలాసేపు చూసింది. "విసీ, ఈ మొహం చూశావా," అంది నాతో. "గోడ. నలభై ఏళ్ళు ఇలాంటి మొహం కోసం మొక్కుకున్నాను. మీ నాన్నది, పాపం, తీసి పెట్టిన వీధి తలుపు. దారిన పోయేవాళ్ళంతా తొంగి చూసేవాళ్ళు."

"మళ్ళీ మొదలెట్టకక్కా," అన్నాడు మామయ్య. "నీ ఆట బావతోనే అయిపోయింది."

"మే నెల పందేలకి నా పేరు రాయించరా. నాదీ, ఈ పిల్లదీ."

"దానికి పేక ముక్క పట్టుకోవడం తెలుసా?"

అమ్మ లేచి సొరుగు తాళం తీసి దస్తా బయటికి తెచ్చింది. "నేర్పుతా. ఓడిపోయామనుకో, ఈ దస్తా తెచ్చి మీ అందరి ముందే ఒబ్దూలియా బార్ పొయ్యిలో పడేస్తా. ఇంక జన్మలో ముట్టను."

నా గుండెల్లో రాయి పడింది. మా అమ్మ అన్నంత పనీ చేసే మనిషి. మూడేళ్ళ తర్వాత ఆ సొరుగు తాళం తీసిందన్న సంతోషం ఒకపక్క, ఓడితే మళ్ళీ ఆ కిటికీయే, ఆ బస్సులే అన్న భయం ఇంకోపక్క.

ముస్ ఆటలో జోడీలు ఎదురెదురుగా కూర్చుంటారు. నీ చేతిలో ఏముందో నీ జోడీకి సైగ చెయ్యొచ్చు. అది తప్పు కాదు, అవతలివాళ్ళ కంట పడకపోతే చాలు. కింది పెదవి కొరికితే ఇద్దరు రాజులున్నట్టు. మూడంకె ముక్కలు కూడా రాజుల కిందే లెక్క, అంటే దస్తాకి ఎనిమిది మంది రాజులు. నాలుక చివర బయట పెడితే రెండు ఆసులు. ఒక కన్ను కొడితే ముప్పై ఒకటి, అంటే పదేసి విలువున్న రాజు, గుర్రం, జాకీ ముక్కల్లో ఏవైనా మూడు, ఒక ఆసు. అంతకు మించిన చెయ్యి లేదు. రెండు కళ్ళూ మూస్తే చేతిలో పనికొచ్చేదేమీ లేదని. కానీ ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు సైగ చేస్తే మాత్రం దొంగాట. ఆట అక్కడితో ఆపి గెంటేస్తారు.

సైమి పది రోజుల్లో ఆటంతా ఒంటబట్టించుకుంది. ఎవరు ఏ ముక్క వదిలారో వారం తర్వాత అడిగినా చెప్పేది. పెదవి కొరికేది, నాలుక పెట్టేది, అదీ రెప్పపాటులో. ఒక్క కన్ను కొట్టడమే రాలేదు. ఎడమ కన్ను మూస్తే దాంతోపాటే కుడిదీ మూసుకుపోయేది.

"ఒక్కటేనే పిల్లా, ఒక్కటి," అనేది అమ్మ.

"ఒక్కటే మూశాను అమ్మమ్మా," అనేది సైమి, రెండూ మూసుకుని.

అమ్మ దాని కుడి కంటికి ప్లాస్టర్ వేసి తెరిచి ఉంచింది. కన్నీళ్ళు కారాయి గానీ కన్ను లొంగలేదు. నేనూ ఒక చెయ్యి వేశాను. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియని వాళ్ళని ఇరవై రెండేళ్ళుగా రోడ్డెక్కిస్తున్నాను కదా, ఒక కనురెప్ప నాకో లెక్కా అనుకున్నాను. రెండు వారాలకి చేతులెత్తేశాను.

సైమి మాత్రం ఎత్తలేదు. కనిపించిన ప్రతివాళ్ళ మీదా సాధన మొదలెట్టింది. బస్సులో డ్రైవరు మీద ప్రయత్నిస్తే కళ్ళు తిరుగుతున్నాయేమోనని ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు. చేపల కొట్టావిడ, నిద్ర లేదేమో పాపం, విసి ఇంట్లో గొడ్డు చాకిరీ చేయిస్తున్నట్టుందని బజారంతా చెప్పింది. శనివారాలు మేం అమ్మ పుట్టిన ఊరు వల్దెమోరిన్యా వెళ్ళేవాళ్ళం. అక్కడ ఫాదర్ లియాండ్రో ప్రసంగం చెబుతుంటే మొదటి వరసలో కూర్చుని ఆయన మీద కూడా ప్రయత్నించింది. ఇంత భక్తి ఉన్న పిల్లని ఈ ఊళ్ళో చూడలేదని ఆయన కళ్ళు చెమర్చాయి. బండిలో రొట్టెలు తెచ్చే అతను, తన రొట్టె వాసనకే పిల్ల మైమరచిపోతోందని ఒక రొట్టె ఊరికే ఇచ్చాడు.

ఈ గొడవలో పడి గోడ కాస్తా మాట్లాడటం మొదలెట్టింది. ఏప్రిల్లో ఒక పొద్దున్న నేను స్నానం చేస్తుంటే ఎవరో తలుపు దబదబా బాదారు. "విసీ, అరగంటైంది, లోపల ఈత కొడుతున్నావా ఏంటి?" ఆ అరుపు సైమిది. నీళ్ళ కింద నిలబడి నేను ఏడ్చేశాను, సంతోషంతో.

పందెం వారం రోజులుందనగా అమ్మ తేల్చి చెప్పింది. "ఆ సైగ వద్దులే. ముప్పై ఒకటి పడితే నోరూ కళ్ళూ కదపకుండా కూర్చో. నేను చూసుకుంటా." సైమి సరేనంది.

మే నెల రైతుల పండగ రోజు, వల్దెమోరిన్యాలో మధ్యాహ్నం కాఫీలయ్యాక, ఒబ్దూలియా బార్‌లో పందేలు మొదలయ్యాయి. బార్ ఆమెది, తీర్పరీ ఆమే. గెలిచిన జోడీకి ఉప్పువేసి ఎండబెట్టిన ఒక పంది తొడ, ఏడాది పొడుగునా కౌంటరు వెనక ఫొటో. రెండేళ్ళుగా ఆ గోడ మీద పళ్ళన్నీ చూపిస్తూ మా మామయ్యే ఉన్నాడు, పక్కన ఆయన జోడీ, పశువుల డాక్టరు.

మా వాళ్ళు మూడు జోడీల్ని ఊది పారేశారు. సైమి మొహం చూసి ఒక ముసలాయనైతే "ఇది మనిషా, ఫ్రిజ్జా" అంటూ లేచిపోయాడు. సాయంత్రం ఆరింటికి ఆఖరి ఆట. ఒక పక్క అమ్మ, సైమి. ఇంకో పక్క మామయ్య, డాక్టరు. లెక్కకి పెట్టుకున్న శనగ గింజలు చెరో వైపు దాదాపు సమానం. నేను అమ్మ కుర్చీ వెనక నిలబడ్డాను. అమ్మ ముక్కలు నాకు కనిపిస్తున్నాయి, ఎదురుగా సైమి మొహం కనిపిస్తోంది.

ఆఖరి చేతి ముక్కలు పంచారు. అమ్మకి వచ్చినవి చూసి నా ప్రాణం ఉసూరుమంది. రెండు గుర్రాలు, రెండు జాకీలు, ఒక్క రాజూ లేడు. అవతల మామయ్య మీసం దువ్వుకుంటున్నాడు. రాజులుంటే ఆయన మీసం ఊరుకోదు.

సైమి తన ముక్కలు విప్పి చూసుకుంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత, వద్దన్న పనే చేసింది. రెండు కళ్ళూ గట్టిగా మూసింది.

చూడకూడని వాళ్ళే చూశారు. మామయ్య మొహం పెళ్ళికొడుకులా వెలిగింది. పిల్ల చేతిలో ఏమీ లేదు, ఇంక ఎదుర్కోవాల్సింది అక్కనొక్కదాన్నే. పెద్ద ముక్కలెవరివో తేల్చే మొదటి పందెంలోనే బల్ల మీద గుద్ది "ఓర్దాగో" అన్నాడు. అంటే ఇంక శనగ గింజల్లేవు, ఇప్పటిదాకా ఆడిందంతా ఈ ఒక్క పందెం మీదే.

అమ్మ వద్దంటే ఒక్క గింజ పోతుంది, ఆట మిగులుతుంది. నేను ఆమె భుజం గట్టిగా నొక్కాను. అమ్మ నా చెయ్యి విదిలించింది. సైమి వంక చూసింది, తన గుర్రాల వంకా జాకీల వంకా చూసుకుంది.

"సరే," అంది.

మామయ్య ఇద్దరు రాజుల్ని పరిచాడు. డాక్టరు దగ్గర ఒక్కడూ లేడు. సైమి తన ముక్కలు ఒక్కొక్కటిగా పెట్టింది. రాజు. ఇంకో రాజు. ఇంకో రాజు. ఆసు.

మామయ్య ఒక్క ఉదుటున లేచాడు. ఆయన కుర్చీ కింద పడింది.

"దొంగాట. ముప్పై ఒకటి పెట్టుకుని కళ్ళు మూసింది. ఏమీ లేదని సైగ చేసింది. నేను చూశాను, డాక్టరు చూశాడు."

"అది కళ్ళు మూయడం కాదురా. కన్ను కొట్టడం," అంది అమ్మ.

"రెండు కళ్ళతోనా?"

"దానికి అలాగే వచ్చు. కన్ను కొట్టబోయినప్పుడల్లా దాని ముక్కు ఎడమకి పోతుంది. నిద్రపోయేవాళ్ళకి పోదు. మూడు నెలలుగా చూస్తున్నా. గుర్రాల్లో జాకీల్లో సగం నా దగ్గరే ఉంటే దానికి పడినవి రాజులే అయ్యుండాలి. నువ్వు కళ్ళు చూశావు, నేను ముక్కు చూశాను."

ఒబ్దూలియా చేతులు తుడుచుకుంటూ వచ్చి సైమి ముందు నిలబడింది. "పిల్లా, నా వంక చూసి కన్ను కొట్టు. ఒంటి కన్ను మూతపడిందా, నువ్వు దొంగవి. తొడ రెగులోది."

అమ్మ మొదటిసారి భయపడటం చూశాను. ఒక కంట పొయ్యి వంక చూస్తోంది. మూడు నెలలు ఒంటిగా మూతపడమని మొక్కుకున్న కన్ను, ఖర్మ కాలి ఇప్పుడు మూతపడిందంటే అంతే సంగతులు.

సైమి ఊపిరి పీల్చి బిగబట్టింది. రెండు కళ్ళూ మూసుకున్నాయి. ముక్కు ఎడమకి పోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. మూడోసారి నోరు కూడా వంకర పోయింది. వెనకెవరో కిసుక్కుమన్నారు.

"నాటకం," అన్నాడు మామయ్య. "కావాలనే చేస్తోంది."

అప్పటిదాకా ముక్కల వంకే చూస్తూ కూర్చున్న డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "రెగులో, ఒక మాట చెప్పాలి. నెల క్రితం ఈ పిల్ల గొర్రెల దొడ్డి దగ్గర నా వంక చూసి ఇలాగే చేసింది. ఆరు సార్లు. కళ్ళకేదో జబ్బు తగిలిందనుకుని చుక్కల మందు ఇచ్చాను."

"ఏం మందు?" అంది ఒబ్దూలియా.

"గొర్రెలకి వేసేది."

"వేసుకున్నాను," అంది సైమి. "మంచి మందే. కానీ ఒంటి కన్ను మూతపడలేదు."

ఆ మాటతో బార్ బద్దలైంది. మూల నుంచి ఫాదర్ లియాండ్రో లేచి, "అయితే నా ప్రసంగానికి కళ్ళు మూసింది..." అని ఆగిపోయాడు. రొట్టెల బండి అతను నెత్తి పట్టుకున్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వులోనే ఒబ్దూలియా పంది తొడ కొక్కెం మీద నుంచి దింపి అమ్మ ఒళ్ళో పెట్టింది. మామయ్య కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత ఎవరూ చూడట్లేదనుకుని గోడకి తిరిగి కన్ను కొట్టి చూసుకున్నాడు. ఆయనకీ రెండూ మూసుకుపోయాయి.

"రెండేళ్ళు ఎలా గెలిచావురా?" అంది అమ్మ.

"నాకు ముప్పై ఒకటి ఎప్పుడు పడిందక్కా," అన్నాడు మామయ్య, తనూ నవ్వేస్తూ.

అమ్మ దస్తా చేతిలోకి తీసుకుంది. పొయ్యి వంక చూడనైనా లేదు. ముక్కలు సరిచేసి సంచిలో వేసుకుంటూ, "ఆదివారం భోజనానికి రారా, మళ్ళీ వేద్దాం. డాక్టర్ని కూడా తీసుకురా," అంది. నేను కౌంటరు చివరికి పోయి, ఏడుపు వినపడకుండా రుమాలు నోట్లో కుక్కుకున్నాను.

ఒబ్దూలియా ఫోను తీసి ఇద్దర్నీ గోడ దగ్గర నిలబెట్టి ఫొటో తీసింది. చూసుకుని తల అడ్డంగా ఊపింది. "ఇంకోటి తీస్తా. పిల్ల కళ్ళు మూసేసింది."

"వద్దు," అంది అమ్మ. "అదే ఉంచు."

సైమి జూన్‌లో వెళ్ళిపోయింది. ఆ ఫొటో ఇప్పటికీ కౌంటరు వెనకే ఉంది. అందులో ఆ పిల్ల రెండు కళ్ళూ మూసుకుంది, ముక్కు ఎడమకి పోయింది. పక్కనే పంది తొడ పట్టుకుని, దానికి జవాబుగా మా అమ్మ కన్ను కొడుతోంది, ఒక్కటే.