ఆ ల్యాండింగ్ ఎవరిది?

నేను ఒక రాజమండ్రి సిరా కలాన్ని. నల్లటి కడ్డీని లేత్ మీద తిప్పి, పాళీ బిగించి నన్ను చేసిన మనిషి, "నేల మీద ఉన్నంతకాలం దీనికి ఢోకా లేదు" అన్నాడు. నా నుదుట ఆకాశం రాసి ఉందని ఆయనకేం తెలుసు! మొదట రైల్వే గార్డు పైడయ్యగారి జేబులో హాయిగా గడిపాను. ఆయన కూతురు వకుళ కో-పైలట్ అయిన రోజున నన్ను ఆమెకిచ్చారు. అప్పట్నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

విమానం పైకి లేస్తే చాలు, నాలో గాలి ఉబ్బి సిరాని బయటికి తోస్తుంది. అందుకే ఎక్కేముందు వకుళ నాలో గాలికి చోటు లేకుండా గొంతుదాకా సిరా నింపుతుంది. "బాల్‌పెన్ను కొనుక్కోవే తల్లీ" అని తోటివాళ్లు నవ్వుతారు. లాగ్‌బుక్కు మాత్రం ఆమె నాతోనే రాస్తుంది. ఎగిరిన గంటలు కో-పైలట్ గడిలో వేస్తుంది. విమానాన్ని తన చేత్తో దింపితే ల్యాండింగ్ గడిలో ఒకటి, కెప్టెన్ దింపితే సున్నా.

ఆమె డెంగీతో మంచాన పడి లేచిన ఏడాది చిక్కొచ్చింది. తొంభై రోజుల్లో మూడుసార్లు స్వయంగా దింపకపోతే ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు. గడువు ఆఖరి రోజుకి ఇంకొకటి మిగిలింది. అది తప్పితే సిమ్యులేటర్‌లో మళ్లీ పరీక్ష, కెప్టెన్ అయ్యేవాళ్ల జాబితాలోంచి పేరు అవుట్.

ఆ కంగారులో నన్ను నింపడం మరిచిపోయింది. విశాఖలో గాలి పక్కనుంచి కొడుతోంది. జేబులో ఉన్న నన్ను ఆమె గుండె దడదడా బాదుతోంది, నాకేమో సిరా కారిపోతోంది. భయంతోనే అని మీరంటే కాదనను. చక్రాలు నేలకి తాకబోతుండగా రెక్క ఒరిగింది. పక్క సీట్లో కెప్టెన్ దొరబాబు తన కంట్రోల్‌ని చటుక్కున తిప్పాడు, ఆమె చేతిలోదీ దాంతోపాటే తిరిగింది. విమానం మెత్తగా దిగింది. ప్రయాణికులు అప్పుడే లేచి బ్యాగులు లాగుతున్నారు.

"రాసుకోమ్మా, నీ ల్యాండింగే" అన్నాడు దొరబాబు.

"మీ చెయ్యి పడింది కదా సార్."

"కంట్రోల్ తీసుకుంటున్నానని నోటితో అన్నానా? అనలేదు. అలాంటప్పుడు నీదే."

పాళీ గడి మీద ఆగిపోయింది. ఒక్క గీత గీస్తే పోయే దానికి ఇంత ఆలోచనేమిటని నేను విలవిల్లాడిపోయాను.

"నా చేతికి తెలుసు సార్" అని సున్నా చుట్టింది.

జాబితాలో పేరు పోయింది. సిమ్యులేటర్‌లో పరీక్ష పెట్టారు. అది నేల విడవని పెట్టె కాబట్టి నేను ఒక్క బొట్టు కార్చలేదు. ఆమె నెగ్గింది కానీ, కెప్టెన్ కావడం చాలా ఆలస్యమైంది.

ఇప్పుడు నేను క్లిప్పు విరిగి ఆమె సొరుగులో ఉంటున్నాను. అది విరిగిందీ విశాఖలోనే. ఆ రోజు కెప్టెన్ సీట్లో వకుళ, పక్కన విమానం దింపుతున్న కో-పైలట్ అర్షద్. రెక్క కాస్త ఒరిగింది. వకుళ చెయ్యి లేచింది. అయిపోయింది, ఇతనికీ సున్నాయే అనుకున్నాను. ఆ చెయ్యి కంట్రోల్ మీదికి పోకుండా జేబు దగ్గరికొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. క్లిప్పు పుటుక్కుమంది. అర్షద్ సర్దుకున్నాడు. విమానం దబ్బున దిగి, ఒకసారి ఎగిరిపడి కుదురుకుంది. వెనక ప్రయాణికులు తిట్టుకున్నారు.

అర్షద్ తల దించుకుని, "ఇది రాసుకోవచ్చా మేడమ్?" అన్నాడు.

వకుళ సిరా అంటిన అరచెయ్యి చూపించింది.

"నా చెయ్యి కలం మీదే ఉంది. నీదే, రాసుకో."