చక్రం కింద నిమ్మకాయ

సూర్యాపేట ఆంజనేయస్వామి గుడి ముందు కొత్త బండికి పూజ అయింది. పూజారి హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

"ఇగ ఎక్కించు రెడ్యా" అన్నాడు మహేశ్వర్.

రెడ్యా చెప్పులు విప్పి, స్టీరింగును కళ్లకద్దుకుని కూర్చున్నాడు. మహేశ్వర్‌కు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. రెడ్యా ఆయన దగ్గర పదమూడేళ్లుగా డ్రైవరు. ఆయనకు రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. పాతదాన్ని అమ్మేసి, అదే పేరుతో వచ్చిన కొత్త రకం కొన్నాడు. జోరు ఎక్కువ, చప్పుడు తక్కువ. క్లచ్ లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది. పాతదాంట్లో రెడ్యా తమ లంబాడీల గురువు సేవాలాల్ మహరాజ్ బొమ్మ అంటించుకున్న చోట ఇందులో పెద్ద తెర ఉంది.

రెడ్యా బ్రేకు వదిలాడు. బండి కదిలింది. చేతులకు ఏమీ తెలియలేదు. పదమూడేళ్ల కింద ఇదే గుడి ముందు పాతదాన్ని ఎక్కించినప్పుడు, ముందు చక్రాల కింది కాయలు అరచేతుల్లోనే పగిలినట్టు తెలిసింది. వెనకవి నడుముకు తెలిశాయి. ఇప్పుడు పరుపు మీద జారినట్టుంది. టైరు కాయలను పక్కకు నెట్టేసిందేమోననుకుని, రివర్స్ వేసి మళ్లీ ముందుకు తీశాడు.

"అరె, ఆగు! ఆగు!" పూజారి అరిచాడు. "దిష్టి తీసినంక మళ్ల ఎనకకొస్తరా ఎవరన్న?"

దిగి చూస్తే నాలుగు కాయలూ చితికి, తొక్కలు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఏంది రెడ్యా, నిమ్మకాయ పగిలింది గూడ తెల్వలేదా? ముసలోనివైతున్నవ్" అన్నాడు మహేశ్వర్.

"బండికే తెల్వలేదు సారూ, నాకేం తెలుస్తది."

అందరూ నవ్వారు. రెడ్యా కూడా నవ్వి, ఒకసారి తన కుడికాలి వంక చూసుకున్నాడు.

పోయిన సోమవారం నేరేడుచర్లలో షేర్ ఆటో దిగి నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. పది అడుగులు వేసినా తెలియలేదు. భార్య జమ్లీ ఆ చెప్పు పట్టుకుని వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఓ పెద్దమనిషీ! ఆ కాలు నీదేనా, కిరాయికి తెచ్చుకున్నవా?" అంది. షుగరు వచ్చి ఎనిమిదేళ్లయింది. అరికాళ్లకు స్పర్శ తగ్గితే దాచొద్దని, బండి నడిపేవాడివి కాబట్టి వెంటనే రమ్మని దవాఖానలో డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. రెడ్యా పోలేదు. పోతే ఇక స్టీరింగు పట్టొద్దంటుందేమోనని భయం.

మిర్యాలగూడ దాకా మనసు కుదురుగా లేదు. మొద్దుబారింది బండా, కాలా? పెడల్ కింద ఏమీ పలకడం లేదు. కానీ ఈ బండి ఎక్కడా ఏమీ పలకదు కదా! గుంతలో దిగినా కుదుపు లేదు. ముందు లారీ ఆగితే, రెడ్యా తొక్కేలోపే తానే బ్రేకు వేసుకుంది.

"సూసినవా? నువ్వు నిద్రపోయినా ఇంటికి తీస్కపోతది" అన్నాడు మహేశ్వర్ మురిసిపోతూ.

పాతది అలా కాదు. గుంత గుంతకూ తిట్టేది. వానలో తొందరపడితే వెనక భాగాన్ని విదిలించి బెదిరించేది. దానివన్నీ లోపాలే, కాదనలేం. మరి ఆ లోపాలు పోతే మనసుకు వెలితి ఎందుకు? దేవుడా, ఇదేం బుద్ధి అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పాత బండిని, దాన్ని కొన్న కోదాడ ప్రేమ్ కుమార్‌కు అప్పజెప్పాలి. పదమూడేళ్లలో మొదటిసారి రెడ్యా దాన్ని చెప్పులతో నడిపాడు. ఎందుకో తనకు తెలుసు: ఉత్త పాదానికి ఈ బండి కూడా పలకకపోతే? హుజూర్‌నగర్ దాటేదాకా సేవాలాల్ బొమ్మ వంక చూడలేకపోయాడు.

కోదాడలో ప్రేమ్ కుమార్ ఇంటి ముందు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి.

"అన్నా, మీ చెయ్యి మంచిదంట. మీరే ఎక్కించండి."

"బండి నీది తమ్మీ, నువ్వే ఎక్కియ్యి."

"మా అమ్మ మీరే ఎక్కించాలంటుందన్నా. అయ్యో, చెప్పులతోనా?"

ఇక తప్పలేదు. చెప్పులు విప్పి కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. క్లచ్ మీది ఎడమ పాదంలోకి వణుకు చీమలు పాకినట్టు మోకాలి దాకా ఎక్కింది. కుడి పాదం యాక్సిలరేటర్ మీద పెట్టాడు. మడత పెట్టిన గొంగడి మీద పెట్టినట్టుంది. తొక్కితే ఇంజన్ గర్జించింది. పాదానికి మాత్రం ఏమీ చేరలేదు.

బండి కదిలించాడు. ముందు చక్రాల కింది కాయలు అరచేతుల్లో పగిలాయి. వెనకవి నడుముకు తెలిశాయి. కొత్త బండి మొద్దుదే, నిన్న తాను అన్నది అబద్ధం కాదు. కాలూ మొద్దుబారిందే.

"బాగా ఎక్కినయ్యా అన్నా?"

"ఎక్కినయ్ తమ్మీ. మంచిగ తెలిసింది."

సేవాలాల్ బొమ్మను జాగ్రత్తగా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు మీదికి వచ్చి మహేశ్వర్‌కు ఫోన్ చేశాడు.

"సారూ, రేపటికెల్లి వేరే డ్రైవర్‌ను సూసుకోండ్రి."

"నిన్న ముసలోనివన్ననని అలిగినవా?"

"అలుగుడేంది సారూ. కుడికాలికి స్పర్శ లేదు. సూర్యాపేట దవాఖానకు పోతున్న."

"కొత్త బండి అన్నీ అదే సూస్కుంటది కదా రెడ్యా. జర మెల్లగ నడుపు, ఏం కాదు."

"అందుకే భయం సారూ. నాకు కాలు లేదన్న సంగతి అది నాకు చెప్పదు."

సూర్యాపేట బస్సు వచ్చింది. మెట్టెక్కే ముందు రెడ్యా వంగి, రెండు కాళ్లకూ చెప్పులున్నాయో లేదో చూసుకున్నాడు.