దీపానికీ తాబేలుకీ మధ్య అద్దం

ఆ ఎలక్ట్రీషియన్‌ని వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మాటకు ముందొకసారి, మాటయ్యాక ఒకసారి "జాగ్రత్త" అనడం అతని అలవాటు. అందుకని పెద్దవాళ్ళకు "జాగ్రత్తగారు", పిల్లలకు "జాగ్రత్త మావయ్య" అయిపోయాడు. నిజానికి మావయ్య వరస అయ్యేది పై వాటాలో ఉండే అక్క కూతురికి ఒక్కదానికే. పదేళ్ళ పిల్ల, పొడుగ్గా సాగిన మొక్కలా ఉంటుంది.

ఆ పిల్ల తాబేలును తెచ్చుకుంటానంటే అక్క ఒకటే షరతు పెట్టింది, కరెంటు పనంతా తమ్ముడే చెయ్యాలని. చేశాడు, ఎలా చేశాడనుకున్నారు! తొట్టిలో నీళ్ళు వెచ్చబెట్టే హీటరు తాబేలు ఒంటికి తగలకుండా చుట్టూ ప్లాస్టిక్ జాలీ బిగించాడు. వైరు వెంట నీటి బొట్టు ప్లగ్గులోకి పాకకుండా దాన్ని కిందికి వంపు తిప్పి మళ్ళీ పైకి తెచ్చాడు. తాబేలు ఎక్కి కూర్చునే రాయి మీద రెండు దీపాలు పెట్టాడు, ఒకటి వేడికి, ఇంకొకటి ఎండలో ఉండే కిరణాలకు. ఎత్తు కూడా టేపు పెట్టి కొలిచాడు. అక్కడితో ఆగితే బాగుండేది. నీళ్ళ మీద దీపాన్ని వట్టిగా వదలడానికి అతనికి చేతులు రాలేదు. ముప్పై ఏళ్ళలో ఏ స్నానాల గదిలోనూ అలా వదిలిన మనిషి కాదు. అంచులు నున్నగా అరగదీసిన అద్దం పలక ఒకటి తెచ్చి దీపాల కింద అమర్చాడు.

"మధ్యలో ఏమీ అడ్డం పెట్టకూడదని దీపంతో వచ్చిన కాగితంలో ఉంది మావయ్యా," అంది పిల్ల.

"ఆ రాసినవాడు ఎప్పుడైనా షాకు తిన్నాడా? దీపాల సంగతి నాకు చెప్పకే తల్లీ. జాగ్రత్త ముఖ్యం."

ఎనిమిది నెలలు గడిచాయి. దీపాలు ధగధగా వెలిగాయి, అద్దం దాటి వెచ్చదనం వచ్చింది, ఎవరికీ అనుమానం రాలేదు. ఉన్నట్టుండి తాబేలు తిండి మానేసింది. ఆసుపత్రిలో పశువుల డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని పెంకు అంచు నొక్కింది. గట్టిగా ఉండాల్సిన పెంకు తడిసిన అట్టలా లోపలికి పోయింది.

"ఎముకల్లో బలం లేదు. ఎండ కిరణాలు సరిగ్గా అందకపోతే ఇలాగే అవుతుంది. దీపానికీ దీనికీ మధ్య అద్దంగానీ ఏమైనా ఉందా? అద్దం వేడిని రానిస్తుంది, ఆ కిరణాల్ని మాత్రం రానివ్వదు."

పిల్ల తలెత్తి పక్కనే నిలబడ్డ మావయ్య వైపు చూసింది. అతను తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. ఆ ఫ్యాను బిగించింది అతనే. ఆ గదిలో ప్రతి స్విచ్చూ అతను పెట్టిందే. వెనక బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు, నలుగురూ అతన్ని పనికి పిలిచే ఇళ్ళవాళ్ళే.

"లేదండీ," అంది పిల్ల నెమ్మదిగా.

"అవున్లే, పెట్టింది జాగ్రత్తగారు కదా, దీపాల సంగతి నేను చూడక్కర్లేదు," అని నవ్వింది డాక్టరమ్మ. "అయితే తిండిలోనే లోపం. ఎండు రొయ్యలు తెగ పెట్టేస్తున్నావు కదూ? ముద్దు చెయ్యడమంటే అది కాదమ్మా. నెలలో పెంకు గట్టిపడకపోతే దక్కడం కష్టం."

పిల్ల తల వంచుకుంది. ఆ మాటలు తనకు తగలాల్సినవని అతనికి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

ఇంటికి రాగానే పిల్లకంటే ముందు మెట్లెక్కి అద్దం తీసేశాడు. దొంగసొత్తులా చొక్కా కింద పెట్టుకుని కిందికి తెచ్చి, వైరు చుట్టల వెనక దాచాడు. తప్పు సరిదిద్దేశాను, ఇక చెప్పేదేముంది అనుకున్నాడు. కానీ సాయంత్రం రెంచీ కోసం పైకి వెళ్తే పిల్ల తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉంది. రొయ్యల డబ్బా చెత్తబుట్టలో ఉంది.

"ముద్దుకొద్దీ పెట్టానే. నా వల్ల కూడా అయిందేమో. క్షమించవే," అంటోంది తాబేలుతో.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంత మనిషిని, ఇంత పేరున్నవాణ్ణి, పదేళ్ళ పిల్ల వెనక దాక్కున్నాను అనుకుంటే తన మీద తనకే రోత పుట్టింది. పక్కన చతికిలబడ్డాడు.

"నీ వల్ల కాదే అమ్మలూ. నా అద్దం వల్ల."

"తెలుసు మావయ్యా. ప్రతి ఆదివారం దాన్ని తుడిచేది నేనే కదా."

"మరి డాక్టరమ్మ అడిగితే లేదన్నావేం?"

"నువ్వు చెప్తావని నీ మొహం చూశాను. నువ్వు చెప్పలేదు. చెప్పడం నీకిష్టం లేదేమో అనుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే కొంత తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున్నే అద్దం చంకన పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. బెంచీ నిండా జనం ఉన్నారు. లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు, గుమ్మంలోనే నిలబడి అందరూ వినేలా చెప్పాడు. రొయ్యల తప్పేమీ లేదనీ, పిల్ల మొదట్లోనే వద్దన్నా తానే ఈ అద్దం పెట్టాననీ చెప్పాడు. బెంచీ మీద ఎవరో దగ్గారు. డాక్టరమ్మ ముందు రోజు రాసిన చీటీ కొట్టేసి, వేరేది రాసిచ్చింది. తర్వాత కళ్ళద్దాలు తీసి అతన్ని చూసింది.

"నిన్న నేను అడిగినప్పుడు మీరూ ఇక్కడే ఉన్నారు కదండీ?"

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు అతను. "మీ ఫ్యాను చూస్తూ నిలబడ్డాను."