నూట పన్నెండు ఎండ్రకాయలు

పొద్దున్నే కామమ్మ ఇసుక మీద చేపలు ఆరబెట్టే వేళకు కూతురు స్వర్ణ అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచేది. వాకాడు అవతల, సముద్రం ఒడ్డున జాలర్లుండే పట్టపుపాళెంలో స్వర్ణ ఆరోగ్య కార్యకర్త. వైద్య శిబిరానికి వచ్చిన నర్సింగ్ పిల్లలు హడావిడిగా కొలిచి రాసిన బీపీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటితోనే ఆన్‌లైన్‌లో లెక్కల కోర్సు నేర్చుకుంటోంది. ఆ లెక్కలు చేయించే కంప్యూటర్ భాష పేరు ఆర్. ఒక్క అక్షరమే పేరు; మనుషులకైతే అది ఇంటిపేరుకే సరి.

“ఆ భాషలో ఎవురితో మాట్లాడతావుమే?” అంది కామమ్మ.

“కంప్యూటర్‌తో.”

“బదులు చెప్తాదా?”

“తప్పు అని చెప్తాది. ఏది తప్పో చెప్పదు.”

“అచ్చం మీ నాయనే.”

స్వర్ణ ఆర్‌తో బీపీల చుక్కల బొమ్మ గీయించినప్పుడల్లా ఎర్ర ఎండ్రకాయలు బొరియల్లోంచి వచ్చి, తెర మీది చుక్కల్లాగే ఒడ్డున నిలబడేవి. మనిషికొకటి, మొత్తం నూట పన్నెండు. బీపీ ఎక్కువైనకొద్దీ సరుగుడు తోపు వైపుకు. ఆడవాళ్లు వాటి మధ్య చూసి అడుగేసేవాళ్లు. “బొమ్మ మూసెయ్‌మే, నాకు చోటు లేదు!” అని కామమ్మ కేకేసేది.

ఆ మంగళవారం పాఠంలో, ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే అదనపు వరసలు తీసేయాలన్నారు. మర్నాడు డాక్టరు వస్తాడు, బీపీ ఎక్కువున్నవాళ్ల జాబితా ఇవ్వాలి. పేరూ వయసూ ఒకటే అయినచోట అదనపు వరసలు తీసేయమని ఆర్‌కు చెప్పింది స్వర్ణ. నూట తొమ్మిది మిగిలాయి. బొమ్మ గీయిస్తే ఒడ్డున మాత్రం నూట పన్నెండే. మళ్లీ లెక్కపెట్టింది. నూట పన్నెండే. తప్పు తనదా, ఆర్‌దా, ఎండ్రకాయలదా?

ఇంతలో తోపు దగ్గర ఒంటరిగా నిలబడ్డ ఎండ్రకాయ గబగబా నీళ్ల వైపు పరుగెత్తింది. అక్కడ నాలుగు రోజుల వేటకు పడవలోకి ఐసు ఎక్కిస్తున్నాడు స్వర్ణ మేనమామ పోలేరయ్య. అది ఆయన కాలి బొటనవేలు పట్టేసింది.

“మామా, కదలబాక!”

“కదలనిస్తే గదా!”

అప్పుడు వెలిగింది స్వర్ణకు. పెద్ద తుఫాను ఏడాది పుట్టిన మగపిల్లలకు పాళెం పోలేరమ్మ పేరే పెట్టుకుంది. వయసడిగితే నలుగురు పోలేరయ్యలూ “పెద్ద తుఫానోణ్ణి” అన్నారు. రిజిస్టర్‌లో నలుగురికీ నలభై ఒకటే పడింది. ఆర్ మొదటివాణ్ణి ఉంచి ముగ్గుర్ని తీసేసింది. మొదటివాడి బీపీ నూట ఇరవై. రిజిస్టర్ తిరగేసి మామ సంతకం వెతికింది. మామది రెండువందల పది.

“వేటకు పోబాక మామా. రేపు డాక్టరుకు చూపించాల.”

“నాకేం నొప్పి లేదే! ఐసు కరిగిపోతాది.”

“కరగనీరా,” అంది కామమ్మ. “ఎండ్రకాయ మాటైనా వినవా?”

పడవ ఆయన లేకుండానే వెళ్లింది. మర్నాడు డాక్టరు ఆయన్ని చూసి, తను వచ్చిన జీపులోనే నెల్లూరు తీసుకుపోయాడు. ఆసుపత్రిలో పదకొండు రోజులు.

“బొమ్మలో నేను యాడుండా?” అని మంచం మీద అడిగాడు పోలేరయ్య.

స్వర్ణ అన్నిటికన్నా పైనున్న చుక్క చూపించింది.

“ఒక్కణ్ణే ఉండానే, పాపా.”

ఆ తర్వాత స్వర్ణ, పేర్లు మళ్లీ కలిసిపోకుండా, ప్రతి పేరు పక్కనా వాళ్లింటి పడవ పేరు రాసింది. మరుసటి నెల మళ్లీ అందరికీ కొలిచి, బొమ్మ గీయించింది. నూట పన్నెండూ వచ్చాయి. తోపు దగ్గరి ఎండ్రకాయ కాసేపు అటూ ఇటూ చూసి, దిగి వచ్చి మిగతావాటి పక్కన నిలబడింది.

కామమ్మ చేపల తట్ట పట్టుకుని, అది సర్దుకునేదాకా ఆగింది.