గీత దాకా ఉప్పు

చెంగల్రాయుడి కిడ్నీలు పాడయ్యాయని తేలిన రోజు డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పాడు. వంటలో ఉప్పు రోజుకు మూడు గ్రాములు దాటకూడదు, దాటితే ఒంట్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. భార్య సుబ్బులమ్మ సరే సార్ అని తలూపింది గానీ, మూడు గ్రాములంటే చిటికెడో చెంచాడో ఆమెకేం తెలుసు? అంత చదువుకున్నవాళ్లు ఆ ఒక్క ముక్కా చెప్పరు.

ఆమె తిరుచానూరు గుడి వీధిలో పూలమ్ముతుంది. పూల కాటా మీద మూడు గ్రాములు వేస్తే ముల్లు కదలనే కదలదు. అందుకని నగలు చేసే మునిరత్నం ఆచారి దగ్గరికి వెళ్లింది. ఆయన బంగారం తూచే మిషను మీద ఆమె తెచ్చిన కల్లుప్పు పలుకులు ఒక్కొక్కటే వేసి మూడు గ్రాములు తూచి ఇచ్చాడు. సుబ్బులమ్మ వాటిని దగ్గుమందు సీసా మూతలో పోసి, అవి వచ్చినంత ఎత్తున గోళ్లరంగుతో గీత గీసుకుంది. ఇక తూకంతో పని లేదు. పొద్దున్నే మూతతో కొలిచి పక్కన పెట్టుకుంటే, ఆ రోజంతా మొగుడి వంటకు అదే ఉప్పు.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత అతని కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది. ఉప్పు ఎక్కువ తింటున్నాడని డాక్టరు కసిరాడు. సుబ్బులమ్మ అనుమానమంతా ఊరగాయ మీదికి పోయింది.

"దొంగతనంగా నంజుకుంటా ఉండావు గదా?"

"అమ్మోరి మీద ఒట్టు మే. ముట్టుకోలేదు."

ఆమె నమ్మలేదు. ఊరగాయ జాడీ పక్కింటి అలివేలమ్మకు ఇచ్చేసింది. నోటికొచ్చినట్టు తిట్టింది. నా తాళి తెంచడానికే పుట్టినావని కూడా అనేసింది. అతను తలొంచుకుని, పెట్టింది తిన్నాడు.

నిన్న ఊపిరాడకపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఏమీ చెప్పలేమన్నారు. తన చేతిలో తప్పు లేదని డాక్టరుకు చూపించాలని, సుబ్బులమ్మ ఇంటికొచ్చి గీత దాకా ఉప్పు కొలిచి, పొట్లం కట్టి ఆచారి దగ్గరికి తీసుకుపోయింది.

నాలుగున్నర గ్రాములు.

"సరిగ్గా సూడన్నా."

"మిషను బాగానే ఉండాదక్కా. ఆ పొద్దు నువ్వు తెచ్చింది పలుకులు. వాటి మధ్యన సందులుంటాయి. ఇది పొడి గదా, సందు లేకుండా కూచుంటుంది. అదే గీతకు ఎక్కువ తూగుతుంది."

పలుకులు గీత దగ్గర ఎగుడుదిగుడుగా నిలుస్తున్నాయని, రవ్వంత కూడా ఎక్కువ పడకూడదని, మూడు నెలలుగా సుబ్బులమ్మే ఉప్పును మెత్తగా దంచి మరీ కొలుస్తోంది.

ఆసుపత్రికి ఎలా వచ్చిపడిందో ఆమెకే తెలియదు. మంచం పక్కన నిలబడి ఏడ్చింది.

"నువ్వేం తినలేదయ్యా. నేనే పెట్టినాను. కొలత తప్పినాను."

చెంగల్రాయుడు ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"తెలుసు మే. కూరలో ఉప్పు తెలస్తానే ఉన్నింది."

"మరి సెప్పలేదేం?"

"సెప్తే తగ్గిస్తావు గదా. శానా దినాలకు నోటికి రుచి తగిలింది."

అన్ని తిట్లూ దానికోసమా పడ్డాడు! చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చి సుబ్బులమ్మ చెయ్యెత్తింది. ఆ చేత్తోనే మాస్కు సరిచేసి, ముక్కు మీద అలాగే పట్టుకుని కూర్చుంది. సాయంత్రం నర్సు వచ్చి, ఇక అక్కర్లేదమ్మా అని ఆమె వేళ్లు విడదీసేదాకా వదల్లేదు.