ఐదో గడి

“బొమ్మలు గీసేదానికి దుడ్లిస్తారంట. సంగటి కెలికేదానికి ఎవురూ ఇయ్యరు,” అంది మా అత్త నారాయణమ్మ. సంగటి కెలుకుతున్నది నేనే. పది గంటలకు మీటింగ్.

మాది బెంగళూరు కంపెనీ. నేను ఊళ్లోనే ఉండి పనిచేస్తాను. గొర్రె చస్తే బీమాకు ఫోన్‌లోనే అర్జీ పెట్టుకునే యాప్ తయారుచేస్తున్నాం. కోడ్ రాసే ఐదుగురిలో ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. అందుకే యాప్ వాడే మనిషిని కామిక్‌లా గడుల్లో బొమ్మలు గీసి, ఏ స్క్రీన్ దగ్గర ఏం జరుగుతుందో చూపిస్తాను. రెండు నెలలుగా వాళ్ల తగాదాలు ఆ గడుల ముందే తెగుతున్నాయి. క్లయింటు దగ్గర మాత్రం అవి టీమ్ లీడ్ నాగేశ్వర గీసినవి అవుతాయి.

ఈసారి మా వీధి గంగక్కను గీశాను. నాలుగో గడిలో చచ్చిన గొర్రెకు ఫొటో తీసింది. ఐదో గడిలో ఓటీపీ ఆమె మొగుడి ఫోన్‌కు పోయింది. ఆధార్‌లో ఉన్నది అతని నంబరు. అతను కొత్తచెరువులో టీ తాగుతున్నాడు. ఆరో గడిలో ఓటీపీ గడువు దాటింది, అర్జీ రద్దయింది.

మీటింగ్‌లో నాగేశ్వర చూశాడు. “ఐదో గడి తీసెయ్ త్రివేణీ. మొగుళ్ల సంగతి మనకెందుకు? మధ్యాహ్నం డెమోలో ఇది కనపడితే రేపట్నుంచి టెస్టింగ్ మాత్రమే చేసుకో.” ఎవరో మైకు ఆపకుండానే నవ్వారు.

“బాగా చెప్పినాడు సారు,” అన్నాడు నా మొగుడు ఓబులేష్. నీళ్ల కోసం వచ్చి నా వెనక నిలబడ్డాడు. “మొగునికి వస్తే ఏమైతాది? నీ ఆధార్‌కు ఉండేది నా నంబరే కదా. నిన్నేమన్నా మింగేసినానా?”

పోయిన నెల స్కూటర్ లైసెన్స్‌కు అర్జీ పెట్టినప్పుడు ఓటీపీ అతనికి వచ్చింది. అడిగాను. “బండెక్కి యాడికి పోతావే?” అన్నాడు. దాని పది నిమిషాల గడువు దాటేదాకా ఫోన్ జేబులోనే ఉంచుకున్నాడు. తర్వాత తీసి, “ఇదిగో, చూసుకో” అన్నాడు. మా అత్త నవ్వింది. నేను పోయి గిన్నెలు తోమాను.

ఐదో గడి నేను ఊహించి గీసింది కాదు.

దాన్ని తీయలేదు. గంగక్క పేరు చెరిపి నా పేరు రాశాను. కింద సంతకం పెట్టి టీమ్‌లో అందరికీ, క్లయింటుకూ పంపాను. లాప్‌టాప్ మూసి, ఆధార్ కార్డు సంచిలో వేసుకున్నాను.

“యాడికి?” అన్నాడు ఓబులేష్.

“కొత్తచెరువు ఆధార్ సెంటర్‌కు. నంబరు మార్చుకునేదానికి.”

“దానికీ ఓటీపీ అడుగుతారులే,” అన్నాడు, ఫోన్ ఉన్న జేబు తట్టుకుంటూ.

అడగరు. వేలిముద్ర చాలు.