సీసాలో వేరే బిళ్లలు

ఇన్నయ్య ఫిట్స్ మందు సీసాలో ఉన్నది ఫిట్స్ మందు కాదు.

మామిడితోటలోని ఇన్నయ్య పాకకు వచ్చిన డాక్టర్ వీరభద్రరావు ఒక బిళ్లను వేళ్లతో నలిపి చూశాడు. అదే తెలుపు, అదే సైజు. కానీ కాల్షియం బిళ్ల. గర్భిణులకు నర్సు పంచే రకం.

తెల్లారితే మారథాన్. మైలవరంలో మొదలుపెట్టి, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్ దాకా ఇన్నయ్య ఒక్కడే పరిగెత్తాలి. దారి పొడవునా వచ్చే చందాలతో మూర్ఛ రోగులకు శిబిరం పెట్టాలని, అది గాలీ ధూళీ కాదని ఊరూరా చెప్పాలని డాక్టరు ప్లాను.

ఇన్నయ్యకు ఇంకో ఆశ ఉంది. తోటలో ఒకసారి ఫిట్ వచ్చి పడి కొట్టుకున్నాక కోత ముఠాలో వాణ్ణి చేర్చుకోవడం మానేశారు. నేల మీద నిలబడి గెడకు కట్టిన చిక్కంతో కాయలు దించే పని కూడా ఇవ్వలేదు. బిళ్లలు మొదలుపెట్టాక ఫిట్ మళ్లీ రాలేదంటే నమ్మినవాడు లేడు. "జంక్షన్ దాకా పరిగెత్తి చూపించు, చిక్కం నీ చేతికిస్తా" అన్నాడు మేస్త్రి.

"నాగమణీ, నీ కాల్షియం బిళ్లలెక్కడ?" అన్నాడు డాక్టరు.

ఇన్నయ్య భార్య నాగమణికి ఆరో నెల. తోటలోని ఆ పాక మధ్యలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. "గూట్లో ఉండాలండీ... అయ్యో, సగం లేవే! నా మీద అనుమానమా డాక్టరుగారూ? ఆయన పడితే మొదట పోయేది నా బతుకే కదండీ!"

"నిన్ననలేదమ్మా. ముందు అన్నం పెట్టు, ఆలోచిద్దాం."

ముగ్గురికీ విస్తళ్లు వేసింది. వేడన్నం, మామిడికాయ పప్పు. డాక్టరు, ఇన్నయ్య కలుపుకున్నారు. ఇన్నయ్య తండ్రి పున్నయ్య మాత్రం పప్పుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటి పున్నయ్యా, వద్దా?"

నాగమణి నవ్వేసింది. "మా మావయ్య కొన్నాళ్లుగా పులుపు ముట్టట్లేదండీ. చుట్టూ మామిడితోట పెట్టుకుని ఉప్పూకారంతో తింటున్నాడు!"

డాక్టరు చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేసి పున్నయ్య వైపు తిరిగాడు. మూర్ఛకు పసరు పోయించుకునేవాళ్ల పథ్యం ఆయనకు కొత్త కాదు. పులుపు కూడదు, ఇంగ్లీషు మందు అసలే కూడదు. రోగి మాట వినడనుకుంటే పులుపు మానే వంతు ఇంట్లో పెద్దవాళ్లు తీసుకుంటారు.

"పసరు దేంట్లో కలిపావు?"

పున్నయ్య తల వంచుకున్నాడు. "వాడి పొద్దుటి పాలల్లో" అన్నాడు.

ఇన్నయ్య ఎంగిలిచేత్తోనే లేచాడు. "నాన్నా!"

"కూర్చో ఇన్నయ్యా," అన్నాడు డాక్టరు. "ఈ బిళ్లలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్ ఎప్పుడైనా రావచ్చు. అసలు మందు ఈ పూటే మొదలుపెడదాం. రేపు మాత్రం పరుగు లేదు. జనానికి నీకు జ్వరమని చెప్తాను."

"వద్దండీ. భయపడి పారిపోయాడంటారు. నిజమే చెప్పండి."

"చెబితే మీ నాన్న పరువు..."

ఇన్నయ్య తండ్రి వైపు చూశాడు. 

తెల్లవారి మైలవరం సెంటర్లో పిల్లలు, రిక్షావాళ్లు, మామిడి షావుకార్లు గుమిగూడారు. డాక్టరు మైకు అందుకోబోతుంటే పున్నయ్య అడ్డం వచ్చాడు. కండువా తీసి నడుముకు కట్టుకుని మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయ్యా, నేను పున్నయ్యని, ఇన్నయ్య బాబుని. ఇయాళ మా వాడు పరిగెత్తట్లేదు. వాడు భయపడలేదు. బిళ్లలు మార్చింది నేను. కోడలి బిళ్లలు దొంగిలించి సీసాలో పోసింది నేనే. ఇంత దూరం రోడ్డు మీద పరిగెడతానంటే నాకు నిద్ర పట్టలా. పసరాయన జబ్బు వేరుతో సహా పోద్దన్నాడు, ఇంగ్లీషు మందు కడుపులో ఉంటే పసరు పారదన్నాడు. వాడికి చెబితే ఒప్పుకోడని పాలల్లో కలిపి తాగించా. ఫిట్ కంటే నేను చేసిందే వాణ్ణి చంపేదంట, నిన్న తెలిసింది నాకు. మేస్త్రీ, ఆ వెనక నవ్వుతున్నావే, నవ్వితే నన్ను చూసి నవ్వు. డాక్టరుగారు ఎప్పుడు సరేనంటే అప్పుడు మా వాడు పరిగెడతాడు, నీళ్లచెంబుతో నేను సైకిలు మీద పక్కనే వస్తా. మీ ఇళ్లల్లో కూడా ఎవరన్నా బిళ్లలు ఆపి పసరు పోస్తా ఉంటే ఇయాళే ఈయనకి చెప్పండి. చెప్పటానికి సిగ్గైతే నా దగ్గరికి రండి, నేను తీసుకెళ్తా."